ఏజెన్సీ జనం ఆసుపత్రికి ఎందుకు రారు? కొత్తగా పోస్టింగ్ వచ్చిన డాక్టర్ గారికి నా జవాబు

డాక్టర్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాడేరు వైపు ఏజెన్సీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) మీకు పోస్టింగ్ వచ్చింది. "మందులు ఫ్రీ, 108 ఫ్రీ, ఆరోగ్యశ్రీ ఉంది, అయినా వాళ్ళు రారు, దిసారి (మంత్రం వేసి వైద్యం చేసే ఊరి మనిషి) దగ్గరికే పోతారు, మనమెంత చేసినా దండగే" అని మీ సీనియర్లు అంటున్నారట. అది నిజమేనా, వెళ్ళగానే మొదట ఏం మార్చాలి, క్వార్టర్స్‌లో ఉండాలా, పాడేరు నుంచి రోజూ వెళ్ళి రావచ్చా అని అడిగారు.

నేను 1994లో ఊళ్ళు తిరిగే నర్సుగా (ఏఎన్‌ఎం) చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా 2021లో రిటైరయ్యాను. ఆ 27 ఏళ్ళూ ఆ కొండల్లోనే గడిచాయి. అందుకే సూటిగా చెప్తాను. మీ సీనియర్లు చెప్పింది నిజం కాదు. మూఢనమ్మకాలు లేవని అనను, ఉన్నాయి. కానీ జనం రాకపోవడానికి అసలు కారణాలు వేరే రెండు. మనం ఫ్రీ అంటున్నది ఆసుపత్రి బిల్లు వరకే, మిగతా ఖర్చంతా వాళ్ళ నెత్తినే పడుతుంది. రెండోది ఇంకా పెద్దది. పోయినసారి వచ్చినప్పుడు మనం వాళ్ళతో ఎలా మాట్లాడామో వాళ్ళకి గుర్తుంటుంది. ఒక్క మనిషికి జరిగిన అవమానం ఊరు ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది.

ముందు ఖర్చు సంగతి. ఒక లెక్క చెప్తాను, ఇది నేను నా చేత్తో రాసుకున్నది.

2013 డిసెంబరు. కాఫీ పళ్ళు కోతకొచ్చిన సమయం. ఒక కొండశిఖర గ్రామం నుంచి ఒక గర్భిణిని రాత్రిపూట డోలీలో దించారు. డోలీ అంటే పేపర్లో ఫొటో చూసే ఉంటారు. ఒక పొడవాటి కర్ర, దానికి రెండు చివర్లా ముడేసిన పాత దుప్పటి, ఆ దుప్పటిలో ముడుచుకుని పడుకున్న మనిషి. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు భుజం పెడతారు. మరో ఇద్దరు పక్కన నడుస్తూ మార్చుకుంటారు. దిగుడులో వెనకవాళ్ళు వంగి నడవాలి, లేకపోతే మనిషి ముందుకి జారిపోతుంది. ఆ రాత్రి నేను తారురోడ్డు ఆఖరున 108 దగ్గర నిలబడి ఉన్నాను. ముందు సెల్‌ఫోన్ లైటు ఒకటి కనబడింది. చాలాసేపటికి గానీ మనుషులు కనబడలేదు. డోలీ దించగానే నేను చూసింది ఆమె చేతులు. నొప్పి వచ్చినప్పుడల్లా దుప్పటి అంచు పట్టుకుని లాగిందేమో, వేళ్ళు బిగుసుకుపోయి విడదీయడానికి రాలేదు. ఒక్కో వేలూ నేనే తీశాను.

పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి కిందికి పట్నానికి పంపారు. ఆపరేషన్ అయింది. తల్లీ బిడ్డా బతికారు. రికార్డుల్లో ఆ కేసు మన విజయం కిందే ఉంటుంది. నెల తర్వాత బిడ్డకి టీకా వేయడానికి వెళ్ళినప్పుడు, భర్తతో పాటు అరుగు మీద కూర్చుని అడిగాను, మొత్తం ఎంతయిందయ్యా అని. అతను చెప్తుంటే టీకా కార్డు అట్ట వెనక రాసుకున్నాను.

మోసినవాళ్ళు ఆరుగురు డబ్బు తీసుకోరు, కానీ మర్నాడు వాళ్ళకి కోడి కోసి అన్నం పెట్టాలి, అది ఊరి కట్టుబాటు: 600. పట్నంలో ఆరు రోజులు అతనికీ అత్తగారికీ రెండు పూటలా తిండి: 1200. ఆసుపత్రిలో మెషీన్ పనిచేయడం లేదని బయట చేయించిన పరీక్షలు: 900. బాబు పుట్టాడని చెప్పి వార్డులో తీసుకున్నది: 500. బకెట్టు, చాప, బిడ్డకి గుడ్డలు: 350. ఇంటికి దింపాల్సిన బండి రాకపోతే బస్సుకీ జీపుకీ: 480. మొత్తం 4030 రూపాయలు. ఆసుపత్రి బిల్లు మాత్రం సున్నా. ఆ డబ్బు ఎక్కడిది అంటే, సంతలో షావుకారు దగ్గర చేలో ఉన్న పసుపు మీద అడ్వాన్సు తీసుకున్నాడు, కిలోకి పది రూపాయలు తక్కువకి ఇచ్చే ఒప్పందం మీద. ఇంట్లో లేని ఆ వారం రోజుల్లో ఎకరం కాఫీ తోటలో పండిన పళ్ళు సగం నేల రాలాయి. ఆసుపత్రిలో కాన్పయితే ప్రభుత్వం ఇచ్చే జననీ సురక్ష డబ్బు బ్యాంకు ఖాతా లేక ఆగిపోయింది.

ఆ తర్వాతి కాన్పు ఆమె ఇంట్లోనే అయింది. మా మీటింగులో ఆ పేరు చదివి "కౌన్సెలింగ్ ఇచ్చినా వినలేదు" అని రాశారు. అతని లెక్క నా దగ్గర ఉంది కాబట్టి నేను సంతకం పెట్టలేదు.

తల్లీబిడ్డల కోసం జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 జూన్ నుంచి ఉంది. కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, తల్లికి భోజనం, ఇంటికి తిరిగి దింపడం, అన్నీ ఉచితమని అందులో రాసి ఉంది. అంటే ఆ 900, ఆ 500, ఆ 480 అతను పెట్టాల్సినవే కావు. మీరు వెళ్ళాక ఈ జాబితా ఒకటి తెలుగులో పెద్దక్షరాలతో రాయించి గోడకి అంటించండి. ఏ వార్డులో ఎవరు అడిగినా ఇవ్వక్కర్లేదని నోటితో కూడా చెప్పండి, ఎందుకంటే చదవగలిగినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు దూరం. ఇది మీకు తెలిసిందే అనుకుంటారు గానీ, లెక్కల్లో దాగిన అన్యాయం ఒకటుంది, చూడండి. మైదానంలో 5000 మందికి ఒక సబ్‌సెంటరు (ఏఎన్‌ఎం ఉండే చిన్న ఆరోగ్య కేంద్రం), కొండప్రాంతంలో 3000కి ఒకటి. పీహెచ్‌సీ అయితే అక్కడ 30 వేలకి, ఇక్కడ 20 వేలకి. చూడ్డానికి ఏజెన్సీకి ఎక్కువే ఇచ్చినట్టుంటుంది. కానీ మైదానంలో 5000 మంది ఒక్క ఊళ్ళోనో రెండూళ్ళలోనో ఉంటారు. నా సబ్‌సెంటరు పరిధిలో ఆ జనాభా 34 గూడేల్లో ఉండేది. కొన్ని గూడేల్లో ఏడెనిమిది ఇళ్ళే. ఒక్కో కొండ ఎక్కి దిగితే పొద్దు పోయేది. ఆ లెక్క మనుషుల తలలు చూసి వేసింది, వాళ్ళ మధ్య ఉన్న వాగులూ లోయలూ చూసి వేసింది కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమయ్యాక రోడ్లు మెరుగయ్యాయని అక్కడి ఆశాలు (ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్తలు) ఫోన్లో చెప్తున్నారు. బైక్ అంబులెన్సులూ ఉన్నాయి. మంచిదే. కానీ వానాకాలంలో వాగు పొంగితే బైకూ ఆగిపోతుంది. 108కి ఫోన్ చేయాలంటే సిగ్నల్ ఉండాలి కదా, సిగ్నల్ కోసం మనిషి గుట్ట ఎక్కాలి. ఆ గుట్ట ఎక్కే గంటని ఏ రిపోర్టులోనూ లెక్కపెట్టరు.

ట్రైనింగుల్లో మాకు "మూడు ఆలస్యాలు" అని చెప్పేవారు. వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. అందరూ మొదటిదాని మీదే ఉపన్యాసాలిస్తారు, తప్పు పేషెంటు మీద నెట్టడానికి అదే వీలుగా ఉంటుంది కాబట్టి. నా అనుభవంలో మూడోదే మొదటిదాన్ని పుట్టిస్తుంది. ఇది మీరు బాగా గమనించండి.

దీనికి నేను మర్చిపోలేని సంగతి ఒకటుంది. ఒక కోదు తెగ మహిళ, పాతికేళ్ళ లోపే, కాన్పయ్యాక రక్తస్రావంతో కిందికి పంపితే, రెండో రాత్రి ఆసుపత్రి నుంచి చెప్పకుండా వెళ్ళిపోయింది. మాకు "అబ్‌స్కాండెడ్" అని కబురొచ్చింది, దొంగ పారిపోయినట్టు. అయిదో రోజు నేను వాళ్ళ గూడెం ఎక్కాను. ఆమె గడప దగ్గర కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. ఎడమ చేతికి ఇంకా క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సూదిగొట్టం, ఉంది. ప్లాస్టరు నల్లగా మాసి అంచులు లేచిపోయాయి, చుట్టూ చర్మం వాచి ఎర్రగా మెరుస్తోంది. దాన్ని తీస్తే ఏమవుతుందో తెలియక, తియ్యకపోతే ఏమవుతుందో తెలియక, ఆ చెయ్యి కదపకుండా అయిదు రోజులు ఉంది. బిడ్డని ఒంటిచేత్తో ఎత్తుకుంది.

ఎందుకొచ్చేశావని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ అత్త చెప్పింది. వార్డులో ఒకామె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "స్నానం చెయ్యరా మీరు" అందట. ఆమెకి తెలుగు రాదు, కానీ ఆ కొంగు అర్థమైంది. పక్క మంచం వాళ్ళు నవ్వారట. భర్తని లోపలికి రానివ్వలేదు. డాక్టర్లు గుంపుగా వచ్చి దుప్పటి తీసి, ఆమెతో ఒక్క మాట మాట్లాడకుండా, ఆమె గురించి మాట్లాడుకుని వెళ్ళిపోయారట. మనకి అది రౌండ్స్. ఆమెకి అది పదిమంది మగవాళ్ళ ముందు బట్ట తొలగడం.

నేను వేడినీళ్ళతో ప్లాస్టరు నానబెట్టి తీశాను. యాంటీబయాటిక్స్ ఇచ్చి నాలుగు రోజులు రోజూ వెళ్ళి చూశాను. చెయ్యి బాగైంది. కానీ ఆ గూడెం నుంచి మూడేళ్ళ పాటు ఒక్క కాన్పు కూడా కిందికి రాలేదు. ఆ మూడేళ్ళలో అక్కడ ఇద్దరు పసికందులు పోయారు. అందులో ఒక బిడ్డని కాపాడి ఉండొచ్చని నాకిప్పటికీ అనిపిస్తుంది. కాన్పు ఇంట్లో అయిందని ఆ తల్లిని తప్పుపట్టడం నా వల్ల కాలేదు.

భాష సంగతి వేరే చెప్పాలి. మీరు తెలుగులో అడుగుతారు, వాళ్ళు తల ఊపుతారు. ఆ ఊపడం అవునని కాదు, గౌరవానికి. భగత, వాల్మీకి తెగలవాళ్ళకి తెలుగు బాగానే వచ్చు. కోదుల్లో చాలామంది ఆడవాళ్ళకి వాళ్ళ కువి భాష తప్ప రాదు. ఒడిశా సరిహద్దు వైపు ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. ఒకసారి ఒకామెకి ఐరన్ మాత్రలు ఇచ్చి "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చెప్పాను, తల ఊపింది. నెల తర్వాత చూస్తే మాత్రలన్నీ చూరులో పదిలంగా దాచి ఉన్నాయి. జబ్బు చేసినప్పుడు వేసుకోవాలని అనుకుందట. తప్పు నాదే, అర్థమైందా అని అడిగాను గానీ ఏం అర్థమైందో చెప్పించుకోలేదు. అప్పటినుంచి ఏ మందిచ్చినా ఎలా వేసుకుంటారో వాళ్ళ చేత తిరిగి చెప్పించేదాన్ని. మీ ఆశా కార్యకర్తని పక్కన కూర్చోబెట్టుకోకుండా ఓపీ చూడకండి. ఆమె మీకు దుబాసీ మాత్రమే కాదు, ఆ ఊరికి మీ మీద ఉన్న నమ్మకం ఆమె చేతిలోనే ఉంటుంది.

దిసారి గురించి. మీ సీనియర్లు ఆయన్ని మనకి పోటీ అనుకుంటారు. ఒక్కసారి ఇలా ఆలోచించండి: ఆయన ఊళ్ళోనే ఉంటాడు, రాత్రి పన్నెండింటికి పిలిచినా వస్తాడు, వాళ్ళ భాష మాట్లాడతాడు, డబ్బు లేకపోతే పంట వచ్చాక తీసుకుంటాడు, ముక్కు మూసుకోడు. ఇందులో మనం ఎన్ని చేస్తున్నాం?

అలాగని అన్నీ మంచివే అనను. పసిపిల్లల పొట్ట మీద వాతలు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఎర్రగా కాల్చిన ఇనుముతో చర్మం మీద వరసగా పెట్టిన గుర్తులు. నిమోనియాతో ఆయాసపడుతున్న బిడ్డకి వాతలు పెట్టి రెండు రోజులు ఆలస్యం చేస్తే ఆ బిడ్డ మన చేతిలోకి వచ్చేసరికి చల్లబడి ఉంటుంది. దాన్ని సమర్థించలేం. కానీ తిట్టినందువల్ల వాతలు ఆగవు, బిడ్డని మనకి చూపించడం ఆగుతుంది.

నాకు పనికొచ్చిన దారి చెప్తాను. ఒక ముసలి దిసారికి ఎడతెగని దగ్గు ఉండేది. కళ్ళె పరీక్షలో టీబీ అని తేలింది. ఆరు నెలలు నేనే ఇంటికెళ్ళి మాత్రలు వేయించాను. అతను మంత్రం వేసుకుంటే వద్దనలేదు, మాత్ర మానొద్దని మాత్రమే అన్నాను. నయమయ్యాక ఒకరోజు అడిగాను: నీ దగ్గరికి వచ్చినవాళ్ళలో ఫిట్స్ వస్తున్నా, గర్భిణికి రక్తం పోతున్నా, పసిబిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా నువ్వు పూజ చెయ్యి, కానీ ఆ పూజ కాగానే నా దగ్గరికి పంపుతావా అని. ఒప్పుకున్నాడు. మొదటి ఏడాది నలుగురిని పంపాడు. పంపేటప్పుడు నుదుట బొట్టు పెట్టి పంపేవాడు, ఆ బొట్టు చూసి మా స్టాఫ్‌కి అది దిసారి పంపిన ఎమర్జెన్సీ అని తెలిసేది. ఆ బొట్టు ఎప్పుడూ తుడవొద్దని చెప్పాను.

కాగితాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో పుట్టిన బిడ్డకి చాలాసార్లు జనన ధ్రువపత్రం ఉండదు. అది లేకపోతే ఆధార్ కష్టం. ఆధార్ లేకపోతే రేషన్ కార్డులో పేరెక్కదు. కార్డులో పేరు లేకపోతే ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నది, వర్తించదని కౌంటర్లో తిప్పి పంపుతారు. ఎవరికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమో వాళ్ళ దగ్గరే కాగితం ఉండదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి ఎన్నో గుండె ఆపరేషన్లు జరిగాయి, నేను పంపిన పిల్లలే బాగై తిరిగొచ్చారు, ఆ పథకం అంటే నాకు గౌరవం. కానీ అది పట్నంలో పెద్దాసుపత్రి గుమ్మం దాకా వచ్చినవాళ్ళని ఆదుకుంటుంది. గుమ్మం దాకా రావడమే ఇక్కడి సమస్య. తెలంగాణ వైపు భద్రాద్రి, ములుగు అడవుల్లో ఉన్న గుత్తికోయలది ఇంకా కష్టం. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకి ఇటు వచ్చేసినవాళ్ళు, చాలామందికి ఇక్కడ ఎస్టీ ధ్రువీకరణ దొరకదు. ఇటుక బట్టీల్లో పనికొచ్చే ఒడిశా కుటుంబాల పిల్లలకి టీకాలు మధ్యలో ఆగిపోవడం కూడా ఇదే చిక్కు. ఊరు మారితే రిజిస్టరులో పేరు ఉండదు.

మీరు చేయగలిగింది చిన్నదే, కానీ చాలా పనికొస్తుంది. గర్భిణిగా నమోదైన రోజే భార్యాభర్తల ఆధార్లలో పేర్లు సరిచూడండి. ఒకదాంట్లో ఒకలాగా, ఇంకోదాంట్లో ఇంకోలాగా ఉంటాయి. తొమ్మిదో నెలలో నొప్పులప్పుడు కనుక్కుంటే ఏం లాభం?

సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీరు మైదానంలో చదివి వస్తారు కాబట్టి ఇది మీకు పుస్తకంలోనే కనబడి ఉంటుంది. మలేరియా తరతరాలుగా ఉన్న అడవుల్లోనే ఈ జన్యువు నిలిచింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే ఫాల్సిపేరం అనే ప్రమాదకరమైన మలేరియా ముదరకుండా కొంత రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే జీవితాంతం నొప్పి. ఆశ్రమ పాఠశాలలో పదమూడేళ్ళ అబ్బాయిని ఒకణ్ణి చూశాను. కాళ్ళూ వీపూ నొప్పని పొద్దున్నే వ్యాయామానికి లేవడు. బద్ధకమని మాస్టారు ఎండలో నిలబెట్టేవారట. ఎండలో నీళ్ళు లేకుండా నిలబెట్టడం ఆ జబ్బుకి నిప్పు మీద నూనె. కళ్ళు పచ్చగా ఉంటే కామెర్లని పసరు పోయించారు. నేను చూసేసరికి ఏడాదిలో మూడుసార్లు నొప్పితో పడిపోయాడు. పరీక్ష చేయిస్తే తేలింది. ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియా మొదలుపెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చి, చలిలో స్వెటరు వేసుకోమని చెప్పాక ఇంటర్ పూర్తి చేశాడు. అతని మాస్టారు తర్వాత నా దగ్గరికి వచ్చి, తెలియక చేశానమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

2023 జులైలో కేంద్రం సికిల్‌సెల్ మిషన్ మొదలుపెట్టింది, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వాళ్ళందరికీ పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ జబ్బు ఉంది. మీ పరిధిలో ఎంతమందికి పరీక్ష జరిగింది, పాజిటివ్ వచ్చినవాళ్ళలో ఎంతమందికి మందు నెలనెలా అందుతోంది, ఈ రెండు అంకెలూ మొదటి వారంలోనే తెప్పించుకోండి. పరీక్ష చేసి కార్డిచ్చి వదిలేస్తే ఆ పిల్లాడికి ఒరిగేది ఏమీ లేదు.

ఇదంతా నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజన ఆరోగ్యం మీద వేసిన కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో గిరిజనులు 8 శాతం పైచిలుకు, కానీ మలేరియా మరణాల్లో సగం వాళ్ళవేనని అందులో ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళ లోపు చనిపోయే పిల్లలు దేశం మొత్తం మీద వెయ్యికి 42 మంది, గిరిజనుల్లో 50 మంది. డాక్టర్ బంగే మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ఊరి ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చి, ఇంటికెళ్ళి పసికందుల్ని చూసుకునే పద్ధతితో మరణాలు బాగా తగ్గించి చూపించారు. ఇప్పుడు మన ఆశాలు పుట్టిన బిడ్డ ఇంటికి వెళ్ళి బరువు చూడటం అక్కడి నుంచి వచ్చిందే. కాబట్టి "మనమెంత చేసినా దండగే" అనే మాట మొదటి రోజే పక్కన పెట్టేయండి.

ఇక మొదట ఏం మార్చాలి అన్నారు. నేనైతే ఇలా మొదలుపెడతాను.

ఓపీని సంతకి తగ్గట్టు మార్చండి. సంత రోజు చుట్టుపక్కల యాభై గూడేల జనం మీ గుమ్మం ముందు నుంచే నడుస్తారు. ఆ రోజు మీటింగులు పెట్టుకోకండి. పొద్దున్న సరుకు అమ్ముకుంటారు, మధ్యాహ్నం కొంటారు, మూడింటికి తిరుగుదారి పడతారు. పన్నెండు నుంచి మూడు మధ్య మీరు కుర్చీలో ఉంటే చాలు, మిగతా వారమంతా చూసినదానికంటే ఎక్కువమందిని చూస్తారు. మా దగ్గర ఒక డాక్టర్ గారు ఇది చేశాకే ఓపీ పెరిగింది.

కాన్పు తేదీల జాబితా గోడ మీద ఉండాలి, గూడెం పేరుతో, వాగు దాటాలా లేదా అన్న గుర్తుతో. వాగు అవతల ఉన్నవాళ్ళని వానాకాలంలో తేదీకి రెండు వారాల ముందే దించాలి. సాలూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) గర్భిణుల కోసం వసతి గృహం పెట్టింది, అలాంటిది మీ దగ్గర ఉంటే వాడుకోండి. లేకపోతే పీహెచ్‌సీలో ఒక గది చూడండి. కానీ పెద్దపిల్లల్ని కూడా తెచ్చుకోనివ్వాలి. ఇంట్లో మూడేళ్ళ పిల్లని వదిలి ఏ తల్లీ రెండు వారాలు ఉండదు. వండుకోవడానికి పొయ్యి, రాగి జావ కాచుకోవడానికి ఒక గిన్నె ఉంటే ఉంటారు. ఈ గిన్నె సంగతి చిన్నదిగా కనబడుతుంది గానీ, మా దగ్గర మొదటి ఇద్దరు మూడో రోజుకే వెళ్ళిపోయింది తిండి పడకే.

రిఫర్ చేస్తే కాగితం ఒక్కటే పంపకండి, మనిషిని పంపండి. వాళ్ళ భాష వచ్చిన ఆశానో, ఊరి ఆడమనిషినో. కింద ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌కి మీరే ఫోన్ చేసి, "నా పేషెంటు వస్తోంది, తెలుగు రాదు, ఆమె భర్తని దగ్గర ఉండనివ్వండి" అని ఒక్క మాట చెప్పండి. డాక్టర్ డాక్టర్‌తో చెప్పిన మాటకి ఉన్న బరువు నా లాంటివాళ్ళు చెప్పిన మాటకి ఉండదు. నేను ఎన్నోసార్లు ఫోన్ చేశాను, ఎత్తి పెట్టేసేవారు. మీరు చేస్తే పెట్టెయ్యరు. తిరిగొచ్చాక వారంలోపు ఆ ఇంటికి ఒకసారి వెళ్ళి రండి. మూడేళ్ళు రాని ఆ గూడెం మళ్ళీ రావడం మొదలైంది ఇలాగే. ఒక కాన్పుకి మా ఆశా వెంట వెళ్ళి, నాలుగు రోజులు వార్డులో కింద పడుకుని, తిరిగి తీసుకొచ్చింది. ఆ ఏడాది ఇంకో అయిదుగురు దిగారు.

వానలకి ముందే, మే ఆఖరు కల్లా మలేరియా పరీక్ష కిట్లు, దానికి వేసే ఏసీటీ మాత్రలు, ఓఆర్‌ఎస్, పాముకాటు మందు మూడు నెలలకి సరిపడా తెప్పించుకోండి. జులైలో ఇండెంటు పెడితే మందు వచ్చేసరికి జ్వరాలు అయిపోతాయి.

ఒక మాట స్టాఫ్ గురించి కూడా. మీకు అక్కడ ఉన్న సిస్టర్లు, ల్యాబ్ టెక్నీషియను, డ్రైవరు, చాలామంది కాంట్రాక్టు మీద ఉంటారు, జీతాలు నెలలు ఆలస్యమవుతాయి. ముగ్గురి పని ఒకరు చేస్తుంటారు. వాళ్ళలో ఎవరైనా పేషెంటు మీద అరిస్తే అందరి ముందు తిట్టకండి, అలాగని వదిలెయ్యకండి కూడా. సాయంత్రం కూర్చోబెట్టి చెప్పండి. ఆ క్యాన్యులా కథ చెప్పండి, నేను చెప్పానని చెప్పండి.

క్వార్టర్స్ గురించి అడిగారు. చాలామంది డాక్టర్లు పీజీ సీటు కోసం రెండేళ్ళు గడిపేద్దామని వస్తారు, అది తప్పనను, మీకూ భవిష్యత్తు ఉంది. కానీ ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉండండి. మీరు పాడేరులో ఉంటే రాత్రి వచ్చిన కేసుకి మీరు లేనట్టే. పైకప్పు కారుతుంది, చలికాలం నీళ్ళు చేతికి తగలనివ్వవు, కరెంటు పోతుంది. ఇన్వర్టరు, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, మంచి టార్చి, రెండు సిమ్ములు పెట్టుకోండి. వరండాలో లైటు రాత్రంతా వెలగనివ్వండి. డోలీ మోసుకొచ్చేవాళ్ళు ఆఖరి మలుపు తిరగ్గానే ముందు చూసేది ఆ లైటే. అది వెలగకపోతే నేరుగా కిందికి పోదామా, వెనక్కి తిరుగుదామా అని అక్కడే నిలబడి మాట్లాడుకుంటారు. నేను వాళ్ళతో ఆ మలుపులో రెండుసార్లు నిలబడ్డాను.